వాకిట్లో మంచు.. మనసులో తెనాలి

"అమ్మాయ్, ఇలా రావే! వాకిట్లో ఎవరో సగ్గుబియ్యం ఒలకబోసి పోయారు.."

అమ్మ కేక విని ఉప్మాలో గరిట అలాగే వదిలేసి పరుగెత్తాను. 2025 జనవరి 9, గురువారం ఉదయం. తలుపు తీసి చూద్దును కదా, మెట్ల మీద తెల్లటి గింజలు టపటపా రాలుతున్నాయి. కాసేపటికి గింజలు పోయి దూదిపింజలు మొదలయ్యాయి. చప్పుడు లేదు, గాలి లేదు. పైనుంచి ఎవరో తీరిగ్గా దూది ఏకుతున్నట్టు ఒకటే రాలడం.

"సగ్గుబియ్యం కాదమ్మా, మంచు!" అన్నాన్నేను.

అమ్మ చెయ్యి చాపింది. అరచేతిలో పడ్డ పింజ చూస్తుండగానే నీటిబొట్టయింది. "ఇదా మంచు?" అంది. సినిమాల్లో హీరో హీరోయిన్లు పాటలు పాడుకునే మంచు ఇంత మెత్తగా ఉంటుందని ఆవిడ అనుకోలేదట.

మేముండేది డాలస్ నగరానికి ఉత్తరాన, అరగంట దూరంలో. టెక్సస్ అంటే ఎండలకు పేరు. ఇక్కడ మంచు ఏడాదికి సగటున రెండంగుళాలు కూడా పడదు. న్యూజెర్సీ, షికాగోల్లో ఉన్న మనవాళ్ళకి మంచంటే పార పుచ్చుకుని ఎత్తిపోసే చాకిరీ. మాకు మాత్రం చుట్టపుచూపుగా వచ్చిపోయే అతిథి. అందుకే ముందురోజు నుంచే హడావుడి. దుకాణాల్లో పాలూ బ్రెడ్డూ ఖాళీ. బళ్ళకు సెలవు.

అట్లాసు తీసి చూడండి, డాలస్సూ మన జమ్మూ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద, 33 డిగ్రీల దగ్గర ఉంటాయి. తెనాలేమో 16 డిగ్రీల దగ్గర. తెనాలిలో పుట్టి, తెనాలిలోనే మెట్టిన మా అమ్మకి 76 ఏళ్ళు వచ్చేదాకా మంచు కురవడం కంటితో చూసే యోగం పట్టలేదంటే ఆశ్చర్యమేముంది?

మంచుతో మినుములా?

మా అమ్మాయి పదో తరగతి. బడి లేదుగా, పది గంటలకు లేచొచ్చి అమ్మమ్మ పక్కన కిటికీ దగ్గర కూర్చుంది.

"అమ్మమ్మా, మీ ఊళ్ళో మంచు పడుతుందని చెప్పావుగా. మరి కొత్తగా చూస్తున్నావేంటి?"

"పడుతుందే! ధనుర్మాసమంతా పడుతుంది."

"మరి దాంతో బొమ్మలు చేసేవాళ్ళా?"

"బొమ్మలెందుకూ, మినుములు పండించేవాళ్ళం!"

పిల్ల తెల్లబోయింది. నాకు నవ్వాగలేదు. నిజానికి తప్పు ఇద్దరిదీ కాదు, మన మాటది. గడ్డిపరక మీద బొట్టు మంచు. కాలవ మీద పొగలా లేచేదీ మంచే. హిమాలయాల మీదున్నదీ మంచే. ఇంగ్లీషులో దేనికదే పేరు. పుస్తకాల్లో హిమం, తుషారం అని రాసుకుంటాం గానీ, ఇంట్లో మనకు అన్నిటికీ ఒక్కటే మాట.

మినుముల సంగతి మాత్రం అక్షరాలా నిజం. కృష్ణా డెల్టాలో వరి కోతకి రెండు మూడు రోజుల ముందే, ఇంకా పదును ఆరని మాగాణిలో మినుములు చల్లేస్తారు. వరి కోసేనాటికి మొలక అందుకుంటుంది. మళ్ళీ దున్నడం లేదు, నీళ్ళు పెట్టడం లేదు. నేలలో మిగిలిన తేమ, రాత్రిళ్ళు పడే మంచు.. ఆ రెండే ఆధారం. "మంచుకి పెరిగే పైరు" అని మా తాతయ్య అనేవాడు. మనం సంక్రాంతికి చేసుకునే సున్నుండలోనూ, గారెలోనూ ఆ మంచు కాస్త ఉందన్నమాట!

మన పల్లపు ప్రాంతాల్లో మంచు ఇలా రాలదెందుకని? ఎంత చలి అన్నా అక్కడ గాలి నీరు గడ్డకట్టేంత చల్లబడదు. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి నేల తన వేడినంతా పైకి వదిలేస్తుంది. కాలవల మీదా, తడి పొలాల మీదా ఉన్న తేమ చల్లబడి పొగమంచవుతుంది. ఎండ ఎక్కేసరికి మాయం. ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్న లంబసింగికి చలికాలంలో జనం విరగబడి వెళ్తున్నారు కదా. సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి అక్కడ ఒక్కోసారి గడ్డిమీద తెల్లగా పేరుకుంటుంది. అది కూడా పైనుంచి కురిసింది కాదు. నేలమీది తేమే తెల్లవారుజామున గడ్డకట్టి అలా కనిపిస్తుంది.

నాకు గుర్తున్న చలి

కాఫీ కలిపి ముగ్గురం కిటికీ దగ్గరే కూర్చున్నాం. బయట ఒక్క కారు తిరగడం లేదు. కొత్తగా పడ్డ మంచులో గాలి నిండిన సందులుంటాయి. అవి చప్పుళ్ళను మింగేస్తాయి. ఆ నిశ్శబ్దంలో నాకు మా వీధి గుర్తొచ్చింది. అదేం విచిత్రమో, మా వీధిలో నిశ్శబ్దమన్నదే ఉండేది కాదు!

డిసెంబర్ 16కి అటూ ఇటూగా నెల పట్టారంటే చాలు, నాలుగింటికే గుళ్ళో మైకు. రోజుకో పాశురం చొప్పున ముప్పై రోజులు తిరుప్పావై. రైల్వే స్టేషను వైపు నుంచి మంచులో దారి తడుముకుంటున్నట్టు రైలు కూత. చిడతలు వాయించుకుంటూ హరిదాసు. ఆయన తలమీది పాత్రలో బియ్యం పోయడానికి నేనూ అన్నయ్యా పోట్లాడుకునేవాళ్ళం. కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టుకుపోయేది. దాన్ని ఎండలో పెట్టి, పక్కన మేమూ నిలబడేవాళ్ళం. కుంపటి మీద కాల్చిన తేగల వాసన, జేబుల్లో రేగిపళ్ళు, మాట్లాడితే నోట్లోంచి పొగ.. బీడీ తాగుతున్నట్టు నటించి నాన్న చేత చీవాట్లు!

మీకూ ఇలాంటివే గుర్తుంటాయి కదూ?

ఇవన్నీ మా అమ్మాయికి చెప్పీ చెప్పీ, చివరికి నిట్టూర్చి, "ఆ రోజులే వేరమ్మా. ఆ చలీ, ఆ వాకిలీ, ఆ వేన్నీళ్ళూ.. మళ్ళీ రమ్మంటే వస్తాయా?" అన్నాను.

అమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టింది.

"నీకు వేన్నీళ్ళు గుర్తున్నాయి. నాకు చన్నీళ్ళు గుర్తున్నాయే" అంది.

అమ్మకు గుర్తున్న చలి

ఆ మాటలో కోపం లేదు. మామూలుగా, కూరలో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా అంది. ఆ తర్వాత చెప్పుకుంటూ వచ్చింది.

మా ఇంట్లో అప్పుడు తొమ్మిది మందిమి. తాతయ్య, నాయనమ్మ, ఇద్దరు బాబాయిలు, మేనత్త, నాన్న, అమ్మ, మేమిద్దరం. ధనుర్మాసంలో అమ్మ మూడున్నరకి లేచేది. ముందు తను చన్నీళ్ళ స్నానం. ఎందుకంటే ఊక పొయ్యి రాజేసి రాగి కాగులో నీళ్ళు కాచేది తనే కదా. ఆ నీళ్ళు కాగేదాకా ఆగితే వాకిలి పని ఆలస్యమవుతుంది! పొయ్యి ముట్టించి, వాకిలి చిమ్మి, పేడ కలిపి కళ్ళాపి చల్లి, ముగ్గేసి, గొబ్బెమ్మలు చేసి, గుమ్మడిపూలు గుచ్చేసరికి ఐదున్నర. అప్పట్నుంచి మిగతా ఎనిమిది మందికి వరసగా వేన్నీళ్ళు. మామగారికి ఒక బకెట్టు, అత్తగారికి కాస్త ఎక్కువ వేడిగా ఒక బకెట్టు, పరీక్షలున్న మరిదికి ఒకటి.

"మరి నీకు?" అంది మా అమ్మాయి.

"అడుగున మిగిలితే కాళ్ళు కడుక్కునేదాన్ని."

చలికి చేతులు పగిలి సందుల్లో పేడ నీళ్ళు మండేవట. రాత్రి వెన్నపూస రాసుకుని పడుకుంటే పొద్దున్న మళ్ళీ మామూలే. ఊక పొగకి సంక్రాంతి దాకా ఒకటే దగ్గు. 1984లో గ్యాసు పొయ్యి వచ్చినా, "నీళ్ళక్కూడా గ్యాసేమిటి, దుబారా" అని నాయనమ్మ కాగుని మాత్రం కదలనివ్వలేదు. అది ఇంకో పదేళ్ళు నడిచింది.

"మార్గశిరంలో మాటలాడ పొద్దుండదు అంటారు. పొద్దు చాలక కాదే తల్లీ, మాట్లాడే తీరికెక్కడిది?" అని నవ్వింది అమ్మ.

నేను నవ్వలేకపోయాను. నలభై ఏళ్ళుగా నేను ముద్దుగా దాచుకున్న చలికాలం మొత్తం ఒక మనిషి పగిలిన చేతుల మీదుగా నడిచిందని నాకెందుకు తోచలేదు? ఆ చేతుల్ని చూస్తూనే పెరిగానే!

మనలో చాలామందిమి ఇంతేనేమో, ఆలోచించండి. "మా చిన్నప్పుడు సంక్రాంతి ఎంత బాగుండేదో" అంటాం. ఎవరి చిన్నప్పుడు? ఎవరికి బాగుండేది?

పసుపు ముగ్గు

మధ్యాహ్నం కాస్త తెరిపిచ్చింది. వాకిలంతా పాలనురగలా ఉంది. మా అమ్మాయి తన నల్ల చున్నీ పరిచి నాలుగు పింజల్ని పట్టుకుని, ఫోనులో పెద్దది చేసి అమ్మమ్మకు చూపించింది. ఆరు చేతులు, చేతికి మళ్ళీ చిన్న చిన్న కొమ్మలు.

"ఇదెవరు పెట్టిన ముగ్గే!" అంది అమ్మ.

నిజంగా ముగ్గే. మేఘంలో దుమ్ము కణం మీద నీటి ఆవిరి గడ్డకట్టడంతో పింజ మొదలవుతుంది. గడ్డకట్టేటప్పుడు నీటి అణువులు ఆరేసి చొప్పున వలయాలుగా సర్దుకుంటాయి. అందుకే ఎప్పుడు చూసినా ఆరు రేకులే. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రానికి చెందిన విల్సన్ బెంట్లీ అనే రైతు, సూక్ష్మదర్శినికి కెమెరా బిగించి 1885లో మొదటిసారి ఒక్క పింజను ఫోటో తీశాడు. 1931లో చనిపోయేలోగా ఐదు వేలకు పైగా తీశాడు. అమ్మకి ఆ కథ చెబితే, "పాపం, పిచ్చి మారాజు. నాలాగే వాకిట్లోనే బతికినట్టున్నాడు" అంది.

ఉన్నట్టుండి, "అమ్మాయ్, ముగ్గుపిండి ఉందా?" అని అడిగింది. అంతలోనే తనే తల అడ్డంగా ఊపింది. తెలుపు మీద తెలుపు ఏం కనిపిస్తుంది?

మా అమ్మాయి ఒక్క అంగలో వంటింట్లోకి వెళ్ళి పసుపు డబ్బా పట్టుకొచ్చింది.

అమ్మ నా వైపు చూసింది. నాన్న పోయింది 2023 ఆగస్టులో. ఆ తర్వాత అమ్మ వంటలో వెయ్యడానికి తప్ప పసుపు ముట్టుకోవడం నేను చూళ్ళేదు. వద్దని మేమెవరం అనలేదు. అలాగని వేసుకోమని కూడా అనలేదు. తెనాలిలో వాకిలి ముగ్గు కూడా పనిమనిషికి ఒప్పజెప్పిందట, ఈ సంగతి నాకు ఆ రోజే తెలిసింది. ఏమనాలో తోచక నేను పక్కకి తిరిగి అమ్మ స్వెట్టరు గుండీలు పెట్టాను.

రెండు జతల మేజోళ్ళూ, నా బూట్లూ వేసుకుని అమ్మ వాకిట్లోకి దిగింది. వంగి చిటికెడు పసుపు తీసింది. ఏడు చుక్కలు, నాలుగు వరకు సందు చుక్క. చెయ్యి తడబడలేదు. మంచులో పసుపు గీత ఎంత బాగా లేచిందో చెప్పలేను. ఎదురింటి పెద్దావిడ మెట్ల మీద ఉప్పు చల్లుకుంటూ అలాగే నిలబడి చూసింది. ఇక్కడ మంచు పడితే కాలు జారకుండా ఉప్పు చల్లుతారు. ఉప్పు కలిస్తే నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టదు కనుక మంచు కరుగుతుంది.

"వాళ్ళ కళ్ళాపి అన్నమాట" అంది అమ్మ, ఆవిడకి చెయ్యి ఊపుతూ.

లోపలికొచ్చి చేతులు కాచుకుంటూ నెమ్మదిగా చెప్పింది. "అన్నీ చాకిరీయే అన్నానని ముగ్గు కూడా అందులో కలిపెయ్యకు. నీళ్ళు వాళ్ళ కోసం కాచాను. వంట వాళ్ళ కోసం వండాను. ముగ్గొక్కటే నా ఇష్టం. ఎన్ని చుక్కలో, ఏ తీగో నన్నెవరూ అడిగేవాళ్ళు కాదు."

ఇల్లు ఎవరిది?

సాయంత్రం ఐదింటికి ఫోను మోగింది. తెనాలిలో శుక్రవారం తెల్లవారుజాము నాలుగున్నర, ఆ రోజు ముక్కోటి ఏకాదశి. పక్కింటి పిన్నిగారు ఉత్తర ద్వార దర్శనానికి వైకుంఠపురం గుడికి బయల్దేరుతూ వీడియోలో పలకరించారు. వీధి చూపించమంది అమ్మ. తెరంతా తెల్లటి పొగ. వీధి చివర దీపం మసకగా పచ్చగా. "మంచు విపరీతంగా ఉందక్కయ్యా, మీ ఇల్లు కూడా కనపడటం లేదు" అన్నారావిడ.

అమ్మ తెర మీదికి వంగి చాలాసేపు చూసింది. కనపడని ఇంటిని ఏం చూసిందో!

ఆ ఇంటి గురించి మా ఇంట్లో ఆరు నెలలుగా ఒకటే చర్చ. బిల్డరుకిస్తే ఐదంతస్తులు లేస్తాయి, అమ్మకో ఫ్లాటు, మిగతావి మాకు, ఇకపై అమ్మ మా ఇద్దరి దగ్గరా వంతులవారీగా ఉండొచ్చని బెంగళూరు నుంచి అన్నయ్య. ఆ అరుగూ ఆ వాకిలీ పోతే మనకింక ఊరేదని ఇక్కణ్ణుంచి నేను. ఇద్దరం ఫోనులో గంటలకొద్దీ వాదించుకున్నాం. ఇల్లున్నది అమ్మ పేరున. అమ్మనెవరూ అడగలేదు. అన్నయ్య సౌకర్యం చూశాడు, నేను జ్ఞాపకం చూసుకున్నాను.

ఆ రాత్రి పక్కలు సర్దుతూ అడిగాను. "ఇల్లు ఏం చేద్దామమ్మా?"

"ఇన్నాళ్ళకు అడిగావు" అంది. తర్వాత వేళ్ళు మడిచి లెక్క చెప్పింది, ఎన్నాళ్ళుగా అనుకుంటోందో గానీ.

"ఒకటి, ఇల్లు పడగొట్టొద్దు. నేను పోయాక మీ ఇష్టం. రెండు, వెనకాల స్నానాల గదిలో గీజరు పెట్టించండి. మూడు, ఆ కాగు తూకానికి అమ్మెయ్యండి. నాలుగు, నేను ఏడింటిదాకా పడుకుంటాను. వాకిలి కళ్ళాపి లేకపోతే లక్ష్మీదేవి రాదని ఎవరైనా అంటే, ఆవిడకీ చలేస్తుంది, ఎండెక్కాక వస్తుందని చెబుతాను."

నవ్వుతూనే ఒక భయం చెప్పాను. ఒంటరిగా ఎలా? రాత్రివేళ ఏమైనా అయితే? 2021 ఫిబ్రవరిలో ఇక్కడ వచ్చిన మంచు తుఫాను గుర్తు చేసింది అమ్మ. అప్పుడు డాలస్‌లో ఉష్ణోగ్రత మైనస్ 19 డిగ్రీల సెల్సియస్‌కి దిగింది. 1949 తర్వాత అంత చలి అదే. టెక్సస్‌లో 45 లక్షలకు పైగా ఇళ్ళకు కరెంటు పోయింది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే 246 మంది చనిపోయారు. మాకూ రెండు రోజులు కరెంటు లేదు. బార్బెక్యూ బొగ్గులు ఇంట్లో వెలిగిద్దామా అని మేం ఆలోచిస్తుంటే, ఫోను చేసి "తలుపులు మూసి కుంపటి పెట్టకండి, ప్రాణాలకే ముప్పు" అని తిట్టింది అమ్మే. ఆ పొగలో రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. ఆ తుఫానులో చాలామందిని అదే ఆస్పత్రి పాలు చేసింది. మీరూ గుర్తుంచుకోండి, చలికాలం ఎక్కడైనా చలికాలమే.

"అన్నీ ఉన్న దేశంలో మీరు ఒంటరిగా లేరా? నాకు పిన్నిగారుంది, వీధి ఉంది. రోజూ ఫోను చెయ్యండి, చాలు" అంది అమ్మ.

మర్నాడు అన్నయ్యతో మాట్లాడాను. మొదట గింజుకున్నాడు. కాగు అమ్మెయ్యమందని చెప్పగానే మాత్రం కాసేపు మాట లేదు. "ఆ నీళ్ళన్నీ అమ్మే మోసేదిగా" అన్నాడు చివరికి.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఆ పండగ లోపే, 2025 ఫిబ్రవరిలో, అమ్మ తెనాలి చేరింది. గీజరు వచ్చింది. అన్నయ్య స్వయంగా వెళ్ళి బిగింపించాడు. స్నానాల గదిలో పట్టుకోవడానికి గోడకి కడ్డీ, మంచం పక్కన నొక్కితే పిన్నిగారింట్లో మోగే గంటా పెట్టించాడు.

వాకిట్లో పసుపు ముగ్గు రెండో రోజు ఎండకి మంచుతో పాటే కరిగిపోయింది. సిమెంటు మీద లేత పచ్చటి మరక మాత్రం వారం రోజులుంది. మా అమ్మాయి దాన్ని తొక్కకుండా పక్కనుంచి నడిచేది.

అమ్మ వెళ్ళిన మొదటి ఆదివారం ఫోను చేశాను. అక్కడ ఉదయం ఎనిమిది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"వేన్నీళ్ళు పోసుకొచ్చా. రెండు బకెట్లు" అంది.